రెండు గట్ల సైరనక్క

ఆ రేవులో లాంచీ నడిపేవాళ్లను సరంగులంటారు. సరంగులందరిలోకీ పెద్ద గొంతు సైరనక్కది. మంచు కమ్మిన పొద్దున ఎదురొచ్చే ఇసుక పడవకి లాంచీ కూత వినిపించకపోయినా ఆమె కేక వినిపించేది. అసలు పేరొకటి లైసెన్సు మీద ఉండేది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది. తల్లి "ఏమే" అనేది, మొగుడు "ఇదిగో" అనేవాడు, మిగతా రెండు దేశాలూ సైరనక్క అనేవి.

రెండు దేశాలని గొప్పకి అనడం లేదు. నదికి ఈ గట్టు ఒక దేశం, ఆ గట్టు మరో దేశం. ఇక్కడొక భాష, అక్కడొక భాష. నడుమ అరగంట ప్రయాణం. కాలేజీ పిల్లలు, చేపల వ్యాపారులు, కుట్టుపనికి వెళ్లే ఆడవాళ్లు, చుట్టపుచూపుకి పోయే ముసలివాళ్లు, అందరూ ఎక్కేది ఆమె లాంచీయే.

తండ్రి లాంచీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఇంజను గదిలో గ్రీజు డబ్బాల మధ్యే ఆమె బాల్యం గడిచింది. చుక్కాని చేతికివ్వమని అడిగిన ప్రతిసారీ రేవు మేనేజరు నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి వరద పొంగు మీద ఉండగా సరంగుకి కడుపునొప్పి వచ్చి చతికిలబడ్డాడు. నిండు లాంచీని ఆమె తీసుకొచ్చి రేవుకి ఎంత నెమ్మదిగా ఆనించిందంటే, ఓ తల్లి చంకలో నిద్రపోతున్న పసివాడు కూడా కళ్లు తెరవలేదు. ప్రయాణికులు మేనేజరు గది చుట్టూ మూగి, "రేపటి నుంచి ఆ అమ్మాయే నడపాలి" అని పట్టుబట్టారు. మేనేజరు నవ్వు ఆ రోజుతో ఆగిపోయింది.

మొగుడికి రేవు పక్కనే రేడియోలు, మైకులు బాగుచేసే కొట్టు ఉండేది. నోట్లో ఎప్పుడూ ఒక స్క్రూ, మాటలో ఎప్పుడూ ఒక వెటకారం. తల్లి, తమ్ముడు వాళ్లతోనే ఉండేవారు. తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే స్కేలే సిగ్గుపడాలి. అలాంటివాడు ఒక సినిమా హాలు గోడ మీద రాస్తూ రాస్తూ నిలబడడానికి కట్టిన కర్రల సారువ మీంచి జారి పడ్డాడు. నడుం దెబ్బతింది. డాక్టరు నొప్పి తగ్గడానికి బిళ్ళలు రాశాడు. నొప్పి పోయింది, బిళ్ళలు మాత్రం పోలేదు.

మందులకొట్టువాడు ఇవ్వనంటే సందుల్లో ఇచ్చేవాళ్లు దొరికారు. వాడు అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే తూలేవాడు. ఎండాకాలంలో పొడుగుచేతుల చొక్కాలు వేసేవాడు. ఏం అడిగినా ముందు ఒట్టు, తర్వాత అబద్ధం. తల్లి ఇరుగుపొరుగుతో "వాడికి నీరసం" అని చెప్పేది. సైరనక్క తిట్టింది, బతిమాలింది, ఒకసారి గదిలో పెట్టి తాళం వేసింది. వాడు కిటికీ ఊచలు వంచుకుని పోయాడు. రేవులో అంత గొంతున్న మనిషి ఇంటికొచ్చేసరికి మాట రాక కూర్చునేది.

ఆ రోజుల్లోనే నర్సు పరిచయమైంది. ఆమె అవతలి గట్టు ఆస్పత్రిలో పనిచేసే పెద్దావిడ. కూతుర్ని ఈ గట్టున ఇచ్చింది కాబట్టి వారానికి నాలుగుసార్లైనా లాంచీ ఎక్కేది. మన భాష వచ్చు గానీ, ఎవరిని నువ్వనాలో ఎవరిని మీరనాలో తేల్చుకోలేక అందరినీ "నువ్వుగారూ" అనేది. చివరికి ఆవిడ పేరే నువ్వుగారు అయిపోయింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు లాంచీ వెనక బెంచీ మీద తల వేలాడేసి కూర్చున్నాడు. నువ్వుగారు వాడి కనురెప్ప ఎత్తి చూసి, కేబిన్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వుగారూ, మీ తమ్ముడు నిద్ర పోవడం కాదు అది."

"పని ఎక్కువైంది లెండి, అలిసిపోయాడు," అంది సైరనక్క, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.

"నేను ముప్ఫయ్యేళ్ల నర్సు. నువ్వుగారు అబద్ధం చెప్పు, నాకేం కోపం లేదు. వాడి ఒళ్లు నిజం చెప్తోంది."

సైరనక్క ఎదురొచ్చే పడవకి దారిచ్చి చక్రం సరిచేసుకుంది. "అన్నీ చేశామమ్మా. తాళం కూడా వేశాం," అంది.

"నువ్వుగారికి షుగరు వస్తే మీ అమ్మ తాళం వేస్తుందా?"

నువ్వుగారే చెప్పుకొచ్చింది. ఇది జబ్బు. పొగరు కాదు, పాపం కాదు. ఒళ్లు ఆ బిళ్ళకి అలవాటుపడిపోయింది. ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. అవతలి గట్టు ఆస్పత్రిలో దానికి మందుంది. రోజూ పొద్దున్నే నర్సు ఎదుటే తాగాలి. మెల్లగా, నెలల మీద ఒళ్లు దారికొస్తుంది.

"వస్తాడా వాడు?" అంది సైరనక్క.

"నేను అడుగుతాను. నువ్వుగారు మాత్రం అక్కడ ఉండకు. నువ్వుగారి గొంతుకి పారిపోతాడు."

ఏం అడిగిందో, ఎలా అడిగిందో గానీ, మర్నాడు మొదటి లాంచీకి తమ్ముడు తల దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మొదట్లో కాళ్లు వణుకుతూ ఎక్కేవాడు. తర్వాత్తర్వాత మోకు అందుకుని రేవు గుంజకి కట్టే పనిలో సాయం పట్టాడు. ఒక రోజు కేబిన్‌లోకి తల పెట్టి, "అక్కా, లాంచీ పేరు పెచ్చులూడిపోయింది. అసహ్యంగా ఉంది. రేపు బ్రష్షు తెచ్చుకోనా?" అన్నాడు. సైరనక్క మొహం అవతలికి తిప్పుకుని, ఎదురుగా ఏ పడవా లేకపోయినా పొడుగ్గా కూత వేసింది.

అప్పుడే ఆమెకు ఆలోచన వచ్చింది. ఈ లాంచీలో మా అమ్మలాంటి అమ్మలు ఎందరున్నారో! నీరసం అని చెప్పుకుంటూ తిరుగుతున్నవాళ్లు ఎందరో! కేబిన్‌లో మైకు ఉండనే ఉంది. దాన్ని ఇన్నాళ్లూ "చేతులు బయట పెట్టకండి" అనడానికి తప్ప వాడలేదు.

మర్నాడు లాంచీ రేవు వదలగానే మైకు అందుకుంది. ఉన్న ఆవేశమంతా వెళ్లగక్కింది. మత్తుబిళ్ళలు వేసుకుంటే చస్తారంది, కుళ్లి చస్తారంది, ఆ దరిద్రమంతా అవతలి గట్టు నుంచే దిగుతోందని కూడా అనేసింది.

అవతలి గట్టు చేపల వ్యాపారి ఒకడు, పీపాలాంటి మనిషి, బుట్ట పక్కన పెట్టి లేచాడు. "మా గట్టు నుంచా? మా పిల్లల్ని పాడుచేస్తున్న బిళ్ళలన్నీ మీ గట్టు నుంచే వస్తున్నాయి!" అని అరిచాడు. ఈ గట్టువాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ లేచారు. జనమంతా ఒక పక్కకి తోసుకొచ్చేసరికి లాంచీ ఒరిగింది. బుట్టలో చేపలు జారి కాళ్ల మధ్యకి వచ్చాయి.

"ముందు కూర్చోండి! దేశాల సంగతి తర్వాత, ముందు మునిగిపోతాం!" అని సైరనక్క అరిచిన అరుపుకి అందరూ దబ్బున కూర్చున్నారు.

రేవులో దిగాక నువ్వుగారు కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అంది. "మా ఆస్పత్రికి వచ్చే ప్రతి అమ్మా మీ గట్టునే తిడుతుంది. నువ్వుగారు మా గట్టుని తిట్టు. బిళ్ళలు అమ్మేవాడు మాత్రం రెండు గట్లకీ టికెట్ తీసుకుంటాడు. హాయిగా ఉంటాడు."

"మరి ఏం చెప్పమంటారు?"

"చస్తారు అంటే దాక్కుంటారు. దాక్కున్నవాళ్లే చస్తారు. ఎక్కడికి రావాలో చెప్పు. పక్కవాడు పడిపోతే ఏం చెయ్యాలో చెప్పు. రెండు భాషల్లో చెప్పు."

సైరనక్కకి అవతలి భాష బేరాలాడేంత వచ్చు, పాఠం చెప్పేంత రాదు. నువ్వుగారు పలికించింది, ఆమె పలికింది. మొగుడు లాంచీకి రెండు కొత్త స్పీకర్లు బిగించి, "ఇంట్లో నాకొక్కడికే ఈ సుఖం దక్కుతోందనుకున్నా. ఇక జనానికి కూడా," అన్నాడు.

మొదటి రోజే ఘోరం జరిగింది. అవతలి భాషలో సిగ్గుకీ ఉల్లిపాయకీ ఒక్క దీర్ఘమే తేడా. "ఉల్లిపాయ పడకండి! ఉల్లిపాయ పడితే జబ్బు ముదురుతుంది! మీ ఇంట్లో ఉల్లిపాయ ఉంటే నర్సు దగ్గరికి వచ్చి చెప్పండి!" అని ఆమె గంభీరంగా చెప్పుకుపోతుంటే, అవతలి గట్టువాళ్లు బెంచీల మీద పడి దొర్లారు. చేపల వ్యాపారి కళ్లు తుడుచుకుంటూ కేబిన్ దగ్గరికి వచ్చాడు. ఎందుకు నవ్వారో వివరించి, అక్కడే నిలబడిపోయాడు. నవ్వు మొహం మెల్లగా మారిపోయింది.

"మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, అక్కా," అన్నాడు, వచ్చీరాని మన భాషలో. "మా ఇంట్లో కూడా ఆ ఉల్లిపాయ ఉంది."

ఆ వారంలోనే అతను కుర్రాణ్ణి వెంటబెట్టుకుని నువ్వుగారి దగ్గరికి వెళ్లాడు. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి ఇంకొకరు. రెండు గట్లలోనూ "ఉల్లిపాయ పడకు, వెళ్లి చూపించుకో" అనడం వాడుకైపోయింది.

లాంచీలో పాఠం రోజురోజుకీ పెరిగింది. మోకులు కుక్కి, మొగుడి పాత చొక్కా తొడిగి ఒక బొమ్మను తయారుచేశారు. మనిషి స్పృహ తప్పితే పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి ఎలా చూడాలి, ఆగితే నోట్లోకి గాలి ఎలా ఊదాలి, మత్తు విరిచే మందు ముక్కులో ఎలా కొట్టాలి, అన్నీ ప్రయాణికుల చేతే చేయించేది నువ్వుగారు. ఆ మందు పెట్టె ఒకటి ఆస్పత్రి నుంచి తెచ్చి కేబిన్‌లో ఉంచింది. కుట్టుపని ఆడవాళ్లు పోటీలు పడి నేర్చుకున్నారు. "నా చొక్కాని రోజూ అంతమంది ఆడవాళ్లు పక్కకి తిప్పి పడుకోబెడుతున్నారు. నన్ను పట్టించుకునేవాళ్లు లేరు," అని మొగుడు రేవంతా చెప్పుకు తిరిగాడు.

అంతా ఒడ్డున పడుతోందనుకున్న సమయంలో తమ్ముడి పాసు ఆగింది.

ఏడాదికోసారి రేవు పాసు మార్చుకోవాలి. ఎందుకు దాటుతున్నావని ఫారంలో అడిగిన చోట వాడు ఉన్నమాట రాశాడు. మత్తు అలవాటుకి చికిత్స కోసమని. ఈ గట్టు చెక్‌పోస్టు ఆఫీసరు, ఇస్త్రీ మడత చెడని మనిషి, కాగితం వెనక్కి ఇచ్చేశాడు.

"మత్తు అలవాటున్నవాళ్లకి సరిహద్దు దాటే పాసు ఇవ్వకూడదమ్మా. రూలు."

"చుట్టాన్ని చూడ్డానికని రాసుంటే ఇచ్చేవారా?" అంది వాడి వెంట వచ్చిన సైరనక్క.

"ఇచ్చేవాణ్ణి."

"అంటే, నిజం రాసినందుకా?"

ఆయన రూళ్ల పుస్తకం మూసి, "నేను రూలు రాయలేదు, సైరనక్కా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

వాడు తాగే మందే ఇటు పంపిద్దామంటే అదీ మత్తుమందుల లెక్కలోకే వస్తుంది. సరిహద్దు దాటితే నువ్వుగారే జైలుకి పోవాలి. తమ్ముడికి మళ్లీ చెమటలు, వణుకు మొదలయ్యాయి. ఈసారి తల్లి దాచలేదు. అరుగు మీద వాడి పక్కనే కూర్చుని, అడిగినవాళ్లకి "మా వాడికి జబ్బు. మందు నదికి అటుంది, మేం ఇటున్నాం," అని చెప్పింది. వాడు పళ్లు బిగించుకుని రేవు మెట్ల మీదికి వచ్చి కూర్చునేవాడు.

"ఇక్కడెందుకురా ఎండలో?" అంటే, "గాలి ఇటు వీస్తే మైకులో నీ గొంతు వినిపిస్తుందక్కా. దాన్ని పట్టుకుని లాగేస్తున్నా," అన్నాడు.

ఆ మాట చెవిలో మోగుతుండగానే, అదే వారంలో, మిట్టమధ్యాహ్నం, లాంచీ నట్టనడుమ ఉన్నప్పుడు ఒక కాలేజీ పిల్ల బెంచీ మీంచి కిందికి జారింది. ఆ గట్టు పిల్ల. ఈ గట్టు కాలేజీలో చదువుతోంది. పరీక్షల దడ తగ్గుతుందని ఎవరో ఇచ్చిన బిళ్ళ వేసుకుందట. పెదాలు నీలంగా మారాయి. ఊపిరి లేదు.

ఒక్కళ్లు కూడా కేకలు వేయలేదు. చేపల వ్యాపారి మోకాళ్ల మీద కూర్చుని పిల్లని వెల్లకిలా తిప్పి తల వెనక్కి వాల్చాడు. కుట్టుపనావిడ ఒకామె నోట్లోకి గాలి ఊదడం మొదలుపెట్టింది. ఇంకొకామె కేబిన్‌లోంచి పెట్టె లాక్కెళ్లి ముక్కులో మందు కొట్టింది. రోజూ చొక్కా బొమ్మకి చేసిందే చేశారు.

సైరనక్క వైర్‌లెస్ తీసింది. ఈ గట్టువాళ్లు "వెనక్కి తిప్పు" అన్నారు. వెనక్కి తిప్పితే ఈ ఊళ్లో ఆ వైద్యం లేదు. ఆ గట్టువాళ్లు "చెక్‌పోస్టు రేవుకే రావాలి, కాగితాలు చూడాలి" అన్నారు. అక్కడి నుంచి ఆస్పత్రికి ఊరు చుట్టి పోవాలి. ఆస్పత్రి వెనక నదిలోకి దిగే పాత మెట్లున్నాయి. సరిహద్దు గీసిన నాటి నుంచి అక్కడ ఏ లాంచీ ఆగలేదు. ఆగకూడదు.

ఆమె ఫోను తీసి నువ్వుగారికి ఒకే మాట చెప్పింది. "మెట్ల దగ్గరికి వస్తున్నా." చక్రం తిప్పేసింది.

అక్కడ నీళ్లు లోతు లేవు. అడుగు ఇసుకకి రాసుకుంటుంటే, "అందరూ కుడి పక్కకి!" అంది మైకులో, రెండు భాషల్లో. ఒకప్పుడు దెబ్బలాడి లాంచీని ఒరగబెట్టిన జనమే ఈసారి చెప్పినట్టు జరిగి ఒరగబెట్టారు. లాంచీ ఇసుక దిబ్బను గీసుకుంటూ పోయి మెట్లకి ఆనింది. నువ్వుగారు, మరో ఇద్దరు స్ట్రెచరుతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు.

స్ట్రెచరు మీదికి ఎత్తుతుండగా ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గి, కళ్లు తెరిచింది. చుట్టూ చూసి నీరసంగా ఏదో అంది.

"ఏమంటోంది?" అని ఈ గట్టువాళ్లంతా అడిగారు.

"చెప్పులు ఎక్కడ పోయాయని అడుగుతోంది," అంది సైరనక్క. ఏడుస్తున్నవాళ్లందరికీ నవ్వొచ్చింది. చేపల వ్యాపారి ఆ చెప్పుల జత గుండెకి హత్తుకుని స్ట్రెచరు వెంట పరిగెత్తాడు.

సాయంత్రానికి ఆమె లైసెన్సు రెండు దేశాలూ ఆపేశాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రెండు ఆఫీసులూ ఒక విషయంలో ఏకమయ్యాయని మొగుడు అన్నాడు.

విచారణ ఎక్కడ జరపాలో తేలలేదు. వీళ్ల గదికి వాళ్లు రారు, వాళ్ల గదికి వీళ్లు పోరు. చివరికి లాంచీనే నది మధ్యలో లంగరు వేయించి, అందులో బల్లలు వేయించారు. ఒక పక్క ఇస్త్రీ మడత ఆఫీసరు, ఎదురుగా ఆ గట్టు చెక్‌పోస్టు అధికారిణి, లావు కళ్లద్దాలావిడ. బెంచీల నిండా సాక్షులు. నడుమ ముద్దాయి స్థానంలో సైరనక్క.

మొదలైన కాసేపటికే ప్రభుత్వ అనువాదకుడికి లాంచీ ఊపు పడక కడుపులో తిప్పి, కమ్మీ పట్టుకుని నీళ్లలోకి వంగిపోయాడు. మళ్లీ లేవలేదు. రెండు భాషలూ వచ్చినవాళ్లలో నువ్వుగారు సాక్షి, చేపల వ్యాపారి సాక్షి. మిగిలింది ముద్దాయి.

అలా సైరనక్క తన మీద మోపిన నేరాన్ని తనే రెండు భాషల్లో చదివి వినిపించింది. "సదరు సరంగు అహంకారంతో, బాధ్యత లేకుండా..." అని గట్టిగా చెప్పి, తలూపి, అవతలి భాషలోకి తిప్పింది.

కళ్లద్దాలావిడకి అనుమానం వచ్చింది. "నువ్వు ఏమైనా తగ్గించి చెప్తున్నావా?"

"ఒక్క ముక్క తగ్గించలేదండి. తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టే అప్పజెప్పాను."

అక్కడ మొదటి నవ్వు పుట్టింది. తర్వాత ఆ కాలేజీ పిల్ల వచ్చి నిలబడింది. "వెనక్కి తిప్పి ఉంటే నేను ఇవాళ ఇక్కడ ఉండేదాన్ని కాదు," అంది. చేపల వ్యాపారి చెప్పాడు, కుట్టుపనావిడ చెప్పింది. ఆఖరికి తమ్ముడు లేచాడు. సన్నగా, పాలిపోయి ఉన్నాడు. రెండు చేతులతో బెంచీ పట్టుకున్నాడు.

"నేను ఈ అక్క తమ్ముణ్ణండి. నాకు మత్తుబిళ్ళల జబ్బు ఉంది. ఆ గట్టు మందుతో కోలుకున్నాను. మళ్లీ బ్రష్షు పట్టాను. అటు వెళ్లే నా పాసు ఆపేశారు. ఇవాళ నన్ను ఈ లాంచీ ఎక్కనిచ్చారు, సాక్షిని కాబట్టి. రోగిగా వస్తే ఎక్కనివ్వలేదండి."

ఇస్త్రీ మడత ఆఫీసరు తల దించుకున్నాడు. కళ్లద్దాలావిడ సైరనక్క వైపు తిరిగి, ఏమన్నాడని అడిగింది. నదిని ఆ గట్టు నుంచి ఈ గట్టుకి కేకేసి పిలవగల మనిషి, తమ్ముడి మాటల్ని పక్కవాళ్లకి వినీ వినపడనంత మెల్లగా, ఒక్కొక్కటే పక్క భాషలో పెట్టింది. అందరూ ముందుకి వంగి విన్నారు.

కళ్లద్దాలావిడ అద్దాలు తీసి తుడుచుకుంది. "అతను రేపు పొద్దున్నే రావచ్చా, మీ వైపు నుంచి?" అని అడిగింది ఆఫీసరుని.

సైరనక్క అనువదించేలోపే ఆయనకి అర్థమైంది. "రేపెందుకు? లాంచీ నది మధ్యలోనే ఉందిగా. ఇప్పుడే తీసుకెళ్లండి," అన్నాడు. జేబులోంచి కలం తీసి, "రూలు ఒక్కడి చేత్తో మారదు. ఇద్దరం కలిసి పైకి రాద్దాం. రాయడానికి నేను సిద్ధం," అన్నాడు.

రాశారు. రెండు రాజధానులూ కదలడానికి టైము పట్టింది గానీ, కదిలాయి. చికిత్సకి వెళ్లేవాళ్లకి వేరే పాసు వచ్చింది. ఆస్పత్రి మెట్లు ఏ గట్టు లాంచీకైనా తెరిచారు. రెండు గట్ల బళ్లలోనూ ఒకే పాఠం, రెండు భాషల్లో. రెండు దేశాల పోలీసులు వారానికోసారి ఒకే బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టాక, అన్నాళ్లూ ఈ గట్టున తరిమితే ఆ గట్టుకి దూకిన బిళ్ళల ముఠాకి దూకడానికి గట్టు మిగల్లేదు. అమ్మకం అంతటితో ఆగిపోయిందని కాదు. కానీ ఆ ఏడాది నువ్వుగారి వార్డుకి స్ట్రెచరు మీద వచ్చినవాళ్లకంటే తమ కాళ్లతో నడిచి వచ్చినవాళ్లే ఎక్కువ. అది మాత్రం ఆవిడ అందరినీ పిలిచి మరీ చెప్పింది.

సైరనక్క మళ్లీ చక్రం పట్టిన రోజు రెండు రేవుల్లోనూ నిలబడడానికి చోటు లేదు. మేనేజరు ఉపన్యాసం మొదలుపెడితే లాంచీలోంచి జనం "టైమైంది!" అని అరిచారు. ఆమె లాంచీ తీసేసింది.

తర్వాతి ఏడాది ఎక్కడెక్కడి నదుల నుంచో, వేరే వేరే దేశాల నుంచి సరంగులు వచ్చారు, ఆ లాంచీ పాఠం నేర్చుకుపోవడానికి. ఆస్పత్రి హాల్లో కూర్చోబెట్టారు. సైరనక్క చెప్పేది ఒకరు ఒక భాషలోకి, అక్కడి నుంచి ఇంకొకరు మరో భాషలోకి తిప్పుతున్నారు. ఆమె ఉల్లిపాయ కథ చెబితే ముందు వరుసలో ఒక నవ్వు, కాసేపటికి కిటికీల వైపు ఒకటి, అందరూ ఆగాక వెనక మూల నుంచి ఒకటి వచ్చింది. "నవ్వు కూడా చెక్‌పోస్టుల్లో ఆగి వస్తోంది," అన్నాడు మొగుడు, స్పీకరు సరిచేస్తూ.

నెరిసిన మీసాల సరంగు ఒకాయన చెయ్యెత్తాడు. ప్రయాణికుల్లో ఎవరికైనా కొడుకు అలా అయిపోయి, తండ్రితో మాట్లాడ్డం మానేస్తే, ఆ తండ్రికి ఏం చెప్పాలి అని అడిగాడు. ప్రశ్న రెండు భాషలు దాటి వచ్చింది. కానీ ఆయన మొహం చూసి సైరనక్కకి ముందే తెలిసిపోయింది. గోడవారన నిలబడ్డ తమ్ముణ్ణి పిలిచి, "ఈయన్ని పక్కగదికి తీసుకెళ్లరా," అంది.

అనువాదకులిద్దరూ వెంట వెళ్లారు. ఆయన కొడుక్కి ఫోను కలిపారు. మొదట తండ్రి మాట్లాడలేదు, తమ్ముడే మాట్లాడాడు. తను ఎలా పడ్డాడో, అన్నం ముద్ద చేతిలో ఉండగా ఎలా తూలేవాడో, తాళం పడిన గదిలో ఏమనుకున్నాడో చెప్పాడు. హాల్లో సైరనక్క బొమ్మని పక్కకి తిప్పడం చూపిస్తోంది గానీ ఆమె చెవులు రెండూ ఆ తలుపు మీదే ఉన్నాయి. వచ్చినవాళ్ల చెవులూ అంతే.

తలుపు తెరుచుకుంది. మీసాల సరంగు గడపలోనే నిలబడి, ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని, తన భాషలో రెండే మాటలు అన్నాడు.

"వస్తాడట," అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "రేపు డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు, నాన్న తోడుంటే."

ఈసారి అనువాదం కోసం ఎవరూ ఆగలేదు. హాలంతా ఒక్కసారే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.